ఆరో తరగతికి కంప్యూటరు పీరియడు లేదు

కంప్యూటరును ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లానంటే ఇప్పటి పిల్లలు ల్యాప్‌టాప్ అనుకుంటారు. అప్పటివి వెనక పెద్ద డొప్ప ఉన్న బరువు మానిటర్లు. దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంటే నా గడ్డానికి తగిలింది. సీపీయూ కాళ్ల దగ్గర, కీబోర్డు సంచిలో. ముందు స్కూటరు మీద మా హెడ్మాస్టరు గారు. సముద్రం వైపు పోయే మట్టిరోడ్డులో, డ్రెయిను కాలవ మీద పల్లంగా కట్టిన చప్టా దాటి, మొత్తం మూడు కిలోమీటర్లు వెళ్తే చేపలు పట్టుకునేవాళ్ల పల్లె ఒకటి వస్తుంది. ఆ పల్లెలో బడి మూసేసి పిల్లల్ని మా హైస్కూలుకి, దాన్నానుకునే ఉన్న ఎలిమెంటరీ బడికి పంపించేలా ఊరివాళ్లని ఒప్పించడానికి వెళ్తున్నాం. ఎందుకు వెళ్తున్నామో నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

నాది రేపల్లె. బాపట్లలో డిగ్రీ అయ్యాక తెనాలిలో ఏడాదిపాటు కంప్యూటరు కోర్సు చేశాను. రెండువేల సంవత్సరం దాటాక మూడు నాలుగేళ్లకి హైస్కూళ్లకి కంప్యూటర్లు వచ్చాయి, వాటి వెంట మాలాంటి వాళ్లం వచ్చాం. పిల్లలు మమ్మల్ని టీచరనే పిలిచేవారు కానీ మమ్మల్ని పెట్టుకున్నది ప్రభుత్వం కాదు, ఒక కంపెనీ. ఒప్పందం కొన్నేళ్లకే. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజున ఆ ముక్క చదివాను, తరవాత మరిచిపోయాను. ఇరవై మూడేళ్ల వయసులో కొన్నేళ్లంటే చాలా కాలమే అనిపిస్తుంది.

మా నాన్న మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. నాకు ఉద్యోగం వచ్చిందంటే ఆదివారం చర్చిలో కనపడిన ప్రతివారికీ చెప్పుకున్నారు. ఇంట్లో మాత్రం, "మెషీను గురించి ఎంతైనా చెప్పమ్మా, పిల్లవాడి మొహం చూస్తూ చెప్పు" అన్నారు. నాకు ఆ మాట కాస్త పాతగా తోచింది.

మా స్కూల్లో గచ్చు పెచ్చులూడని గది కంప్యూటరు గది ఒక్కటే. కిటికీలకి కర్టెన్లు, నేలమీద ఆకుపచ్చ తివాచీ. పిల్లలు చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని రావాలి. సగంమందికి చెప్పులే ఉండేవి కావు, కాళ్లు మాత్రం అందరూ శ్రద్ధగా కడుక్కునేవారు. ఒక్కో కంప్యూటరు ముందు నలుగురు కూర్చునేవారు. ఒకరు మౌసు పట్టుకుంటే మిగతా ముగ్గురూ ఆ చేతి వంకే చూసేవారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనక నేను తొందరతొందరగా చెప్పేదాన్ని, వాళ్లు అంతకన్నా తొందరగా నేర్చుకునేవారు. ఆ గదిలో నేను చాలా సంతోషంగా ఉన్నాను. తరవాత జరిగినదానికి ఆ సంతోషం కూడా ఒక కారణం.

ఆ పల్లె బడి తుఫాను షెల్టర్లో నడిచేది. కింద స్తంభాలు, పైన పెద్ద హాలు, మెట్లు. ఏడో తరగతి దాకా ఉండేది. ఇద్దరు మాస్టార్లలో ఒకరు రిటైరైతే ఆ ఖాళీలో ఎవరినీ వెయ్యలేదు. మిగిలిన మాస్టారు అడవులదీవి నుంచి రోజూ సైకిలు మీద వచ్చి ఏడు తరగతులకీ ఒక్కరే చెప్పేవారు. చెప్పే మనిషి చాలడంలేదని కొందరు పిల్లల్ని మాన్పించారు. పిల్లలు తగ్గిపోయారని పైవాళ్లు బడి ఎత్తేస్తామన్నారు. ఇందులో ఏది ముందు, ఏది వెనక అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మీటింగు ఆ హాల్లోనే పెట్టారు. మేము వెళ్లేసరికే జనం వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు ఎక్కువ, మగవాళ్లలో చాలామంది వేటకి వెళ్లారు. మండలం నుంచి వచ్చిన అధికారి కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటున్నారు. నేను తంటాలు పడి మానిటరు బల్లమీద పెట్టి, వైర్లు కలిపి, స్విచ్ వేశాను. ఆ రోజున కరెంటు ఉంది. తెర వెలగగానే పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు.

అధికారి చిన్న ఉపన్యాసం ఇచ్చారు. పెద్ద స్కూలు, సబ్జెక్టుకో మాస్టారు, కంప్యూటర్లు, ఇంగ్లీషు. మాస్టారు లేచి, వానాకాలంలో చప్టా మీద నడుములోతు నీళ్లు పారతాయని, ఒకటో తరగతి పిల్లలు మూడు కిలోమీటర్లు నడవలేరని చెప్పారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఒక చేత్తో సుద్దముక్క నలుపుతూ మాట్లాడారు. హెడ్మాస్టరు గారు ఆటో పెట్టిస్తామన్నారు. ఎవరు పెట్టిస్తారు అని వెనకనుంచి ఎవరో అడిగారు. కమిటీ చూసుకుంటుందన్నారు. ఏ కమిటీయో చెప్పలేదు.

అప్పుడు ఒకావిడ లేచింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఎండుచేపలు బుట్టలో పెట్టుకుని ఊళ్లమ్మట అమ్ముకొచ్చే మనిషి. ఆవిడ కూతురు ఆ బడిలోనే అయిదో తరగతి పూర్తి చేసింది. ఆవిడ అధికారి వంక చూసి, "కంప్యూటర్లు మీకాడ ఎక్కువున్నయిగా. రెండు ఇక్కడికి పంపండి. పిల్లలందరూ అక్కడికి రావటమెందుకు?" అంది.

జనంలో నవ్వులు లేచాయి. అధికారి కూడా నవ్వారు. ఇక్కడ కాపలా ఎవరుంటారు, తుఫానొస్తే ఏమవుతాయి, నేర్పేవాళ్లెవరు అని అడిగారు. నిజానికి వాటికి జవాబు చెప్పాల్సింది ఆమె కాదు. నాకది ఇప్పుడు తెలుస్తోంది.

ఇంతలో హెడ్మాస్టరు గారు ఆమె కూతుర్ని పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టాను. సన్నటి పిల్ల, జడలకి ఎర్ర రిబ్బన్లు. తెలుగు అక్షరాలు పడేలా పెట్టి ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో చూపించాను. ఆ పిల్ల ఒక్కో మీటా వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. తరవాత నేను చెప్పకుండానే కింద వాళ్లమ్మ పేరు కొట్టింది. చదువు రాని ఆ తల్లి బల్ల దగ్గరికొచ్చి, అది తన పేరేనా అని నన్నడిగింది. అవునక్కా అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు టీచరమ్మా. వాళ్లు చెప్పేది నాకొద్దు. అక్కడికి పంపితే నా పిల్లకి ఇది నువ్వు నేర్పుతావా? నువ్వుంటావా అక్కడ?"

అప్పుడు నాకు రెండు విషయాలు తెలుసు. నా ఒప్పందానికి గడువుందని తెలుసు. కంప్యూటరు పీరియడ్లు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకే తప్ప ఆరు, ఏడు తరగతులకి లేవని కూడా తెలుసు. హెడ్మాస్టరు గారు నా వంక చూస్తున్నారు. కొత్త పిల్లలొస్తే ఆయన టైంటేబులు మారుస్తారనుకున్నాను. మారుస్తారా అని ఆయన్నెప్పుడూ అడగలేదు.

"ఉంటానక్కా. నేర్పుతాను" అన్నాను.

ఆవిడ కూర్చుంది. ఆవిడ కూర్చున్నాక తక్కిన ఆడవాళ్లూ తల ఊపారు. కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. నేను వైర్లు ఊడదీస్తుంటే మాస్టారు దగ్గరికొచ్చి, మానిటరు ఆటోదాకా మోసుకొచ్చారు. బరువుగా ఉందమ్మా అని మాత్రం అన్నారు.

జూన్‌లో పిల్లలొచ్చారు. ఆటో కూడా వచ్చింది, నిజమే. పిల్లలు ఒకరి మీద ఒకరు కూర్చుని, ఇద్దరు ముగ్గురు వెనక వేలాడుతూ వచ్చేవారు. ఆ పిల్ల మొదటిరోజున ఎర్ర రిబ్బన్లతో కంప్యూటరు గది ముందు కాళ్లు కడుక్కుని నిలబడింది. లోపల తొమ్మిదో తరగతి పిల్లలున్నారు. నీ పీరియడు తరవాతమ్మా అని పంపించేశాను. మర్నాడు కూడా వచ్చింది. మూడోరోజు టైంటేబులు గోడకి అంటించారు. ఆరో తరగతి గడుల్లో ఎంత వెతికినా కంప్యూటరు లేదు.

హెడ్మాస్టరు గారిని అడిగాను. స్కీమే ఎనిమిది నుంచి కదమ్మా, మనం మార్చేదేముంది అన్నారు. మీటింగులో చెప్పాం కదండీ అన్నాను. ఎనిమిదికి వచ్చాక ఎలాగూ నేర్చుకుంటారు కదా అన్నారు. ఆయన అబద్ధం చెప్పినట్టు ఆయనకే తెలియదు. ఆయన మొహం అంత ప్రశాంతంగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మంటలో సగం నామీదే.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక ఆ పల్లె పిల్లల్ని గదిలోకి రమ్మన్నాను. వాళ్లు గబగబా తినేసి వచ్చేవారు. మూడు వారాలు బాగానే గడిచాయి. ఆ పిల్ల చాలా చురుకు. అక్షరాలు వెతుక్కోవడం మానేసి, చూడకుండా కొట్టడం మొదలుపెట్టింది. ఇంతలో ఎవరిచేతిలోనో ఒక మౌసు కిందపడి పనిచెయ్యడం మానేసింది. కంపెనీవాళ్లు తనిఖీకి వచ్చి, సమయం కాని సమయంలో, స్కీములో లేని పిల్లల్ని ఎందుకు రానిచ్చారని నన్నే నిలదీశారు. ఆ రోజునుంచి మధ్యాహ్నం పూట తాళంచెవి హెడ్మాస్టరు గారి డ్రాయర్లో ఉండేది.

ఆగస్టులో ఆటో మానేసింది. రోడ్డు గుంటలు పడిందని, తన బండి పాడవుతోందని ఆటో అతను చెప్పాడు. కమిటీ ఎవరో అప్పటికీ ఎవరికీ తెలియదు. పిల్లలు నడిచి రావడం మొదలుపెట్టారు. చిన్నవాళ్లు ముందే మానేశారు. వానలు ముదిరాక చప్టా మీద నీళ్లు పారాయి, మాస్టారు చెప్పినట్టే. అక్టోబరు వచ్చేసరికి ఆ పల్లె నుంచి ఆడపిల్ల ఒక్కతీ రావడంలేదు. హాజరు పట్టీలో ఎర్రగా సున్నాలు. క్లాసు టీచరు ఆ పేర్లు పిలవడం కూడా మానేశారు.

ఒక శనివారం మధ్యాహ్నం నేనే వెళ్లాను. నీళ్లు కొంత తీసిన రోజు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి చప్టా దాటాను. ఆ తల్లి ఇంటి ముందు తాటాకు చాప మీద చేపలు తిరగేస్తోంది. వాన మళ్లీ వస్తుందేమోనని తొందరగా చేస్తోంది. నన్ను చూసి లేచి, ముక్కాలిపీట తెచ్చి వేసింది. పిల్ల లోపలినుంచి తొంగిచూసి దాక్కుంది.

నేను క్షమించమనడానికి వెళ్లాను, తీరా నోరు తెరిస్తే పిల్లని పంపించమని అడిగాను. ఆవిడ చాలా మామూలుగా మాట్లాడింది. అదే నాకు కష్టమనిపించింది.

"నిన్నేమీ అనట్లేదమ్మాయ్. ఉంటానన్నావు, ఉన్నావు. ఇంతదూరం నీళ్లల్లో వచ్చావు. రోజూ నా పిల్లని ఇందులోంచి పంపమంటావా? నువ్వే చెప్పు."

పంపమని అనలేకపోయాను. ఏం చేద్దామక్కా అని అడిగాను. మా బడి మాకిమ్మని రాయాలి, రాసే దిక్కు లేదు అంది. మాస్టారిని అప్పటికే కొల్లిపర వైపు బదిలీ చేశారు. నేను రాస్తానన్నాను.

సోమవారం పొద్దున ప్రార్థనకి ముందే వచ్చి, మా కంప్యూటరు గదిలో కూర్చుని ఆ అర్జీ కొట్టాను. బడి ఎందుకు మూశారు, ఏం చెప్పి మూశారు, ఆటో ఎప్పుడు మానేసింది, ఎంతమంది మానేశారు, అన్నీ రాసి, బడి మళ్లీ తెరిచి చెప్పే మనిషిని వెయ్యమని అడిగాను. కంప్యూటరు చూపించి ఒప్పించారన్న వాక్యం రాస్తున్నప్పుడు నా వేళ్లు ఆగాయి. రాశాను. ప్రింటు తీస్తుంటే హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు. కాగితం అందుకుని నిలబడే మొత్తం చదివారు.

"నువ్వు ఏ స్కూలు ఉద్యోగివమ్మా?" అని అడిగారు.

"ఏ స్కూలు ఉద్యోగినీ కాదండి. కంపెనీ మనిషిని" అన్నాను.

ఆయన కాగితం బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. చించెయ్యలేదు. అది మాత్రం ఆయన గురించి చెప్పాలి.

బాపట్లలో పై అధికారులు వచ్చి అర్జీలు తీసుకుంటారని తెలిసి, సెలవు పెట్టి ఆ పల్లె ఆడవాళ్లతో బస్సులో వెళ్లాను. ఆరుగురం. పొద్దున పోయినవాళ్లం మధ్యాహ్నం దాటేదాకా వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చాక బల్ల వెనక ఉన్నాయన అర్జీ పైనుంచి కిందికి చూసి, కంప్యూటర్లున్న స్కూలుకి పంపితే వద్దంటారేంటమ్మా అని విసుక్కున్నారు. ఆ తల్లి, "కంప్యూటరు వద్దనట్లేదండి. దారి లేదంటన్నాం" అంది. ఆయన స్టాంపు వేసి రసీదు ఇచ్చారు. పరిశీలిస్తామన్నారు. తిరుగు ప్రయాణంలో ఆవిడ ఆ రసీదుని మడిచి జాకెట్టులో దాచుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. పళ్లు నూరుకోవాలనిపించింది, ఎవరి మీదో తెలియలేదు. బల్ల వెనక ఆయన విసుక్కున్నా రసీదు ఇచ్చారు, హెడ్మాస్టరు గారు చెడ్డవారు కారు, ఆటో అతని బండి నిజంగానే పాడైంది. అందరూ తమతమ పని చేశారు. బడి మాత్రం లేదు.

మరుసటి ఏడాది ఏప్రిల్లో మా ఒప్పందం అయిపోయింది. మళ్లీ పెట్టుకుంటారని కొన్నాళ్లు చెప్పారు, పెట్టుకోలేదు. ఆఖరి రోజున కంప్యూటర్లన్నిటికీ గుడ్డలు కప్పి, తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి సంతకం పెట్టాను. ఆ తరవాత ఆ గది ఎప్పుడు తెరిచారో నాకు తెలియదు. తెనాలిలో ఒక డీటీపీ షాపులో చేరాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఓనరు లేనప్పుడు ఎవరైనా వస్తే అర్జీలు.

ఏడాదిన్నర తరవాత ఒక ఆదివారం రేపల్లె బస్టాండులో ఆ తల్లి కనపడింది. ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని బస్సుకోసం కూర్చుంది. నేను పలకరించేలోపే, రా అమ్మాయ్ అని చోటిచ్చింది. బడి తెరిచారా అక్కా అని అడిగాను. తెరిచారంది. ఒకటి నుంచి అయిదు దాకా మళ్లీ షెల్టర్లో పెట్టారట. ఆరు, ఏడు ఇవ్వలేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారెవరు అని అడిగాను.

"ముందు టీవీ వచ్చిందమ్మా" అంది. "గొడుగంత డిష్షు పెట్టిపోయారు. పాఠాలు అందులో వస్తయ్యంట. దాన్నేసేవాళ్లు లేక నాలుగు నెలలు అట్టానే ఉంది. తర్వాత ఒక పిల్లని పంపారు, ఇంటర్ చదివిందంట. బాగానే చెప్పిద్దిలే. ఒక్కతే ఎంతమందికని చెప్పిద్ది?"

ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. మనిషి కావాలని అర్జీలో నేనే రాశాను, నా వేళ్లతో కొట్టాను. అక్షరం తప్పు లేకుండా కొట్టాను.

కంప్యూటరు మీద పేరు కొట్టిన ఆ పిల్ల సంగతి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడే చెప్పింది. బాపట్ల వైపు రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్తోందట. చప్టా దాటి ఎట్టా వెళ్తుందక్కా అన్నాను. "వాళ్ల వ్యాను ఇంటిముందుకే వచ్చిద్ది. నీళ్లున్న రోజు ట్రాక్టరు పంపిస్తారు" అంది.

నిజాంపట్నం బస్సు వచ్చింది. బుట్ట అందించాను. తన చిన్నకూతురు మూడో తరగతిలో ఉందని, లెక్కలు బాగా చేస్తుందని కిటికీలోంచి చెప్పింది. అయిదయ్యాక ఎక్కడికి పంపుతావని అడుగుదామనుకున్నాను. బస్సు కదిలింది.

ఇంటికి వెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన పేపరు పక్కన పెట్టి విన్నారు. నేను హెడ్మాస్టరునీ, స్కీమునీ, ఆ టీవీని పంపినవాళ్లనీ వరసగా తిట్టాను. చివరికి నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన ఆపలేదు. నా తిట్లయిపోయాక, ఆ ఇంటర్ చదివిన అమ్మాయికి అయిదు తరగతులూ ఒక్క హాల్లో కూర్చోబెట్టి చెప్పడం ఎవరైనా నేర్పారా అని అడిగారు. నేర్పి ఉండరన్నాను. మరి మనిద్దరం వెళ్దామా అన్నారు. ఆయనకి అప్పటికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. తరవాతి శనివారం వెళ్లాం. షెల్టరు మెట్లు ఒక్కొక్కటీ కూర్చుని కూర్చుని ఎక్కారు. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి తనిఖీకి వచ్చామనుకుని భయపడింది. నాన్న పేరూ ఊరూ చెప్పి, తానొక రిటైరైన ఎలిమెంటరీ టీచర్నని చెప్పి, రెండు తరగతుల్ని ఒక మూలకి తిప్పి కూర్చోబెట్టించి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకి ఎక్కం చెప్పించడం చూపించారు. ఒక్క పూట. అంతకన్నా ఆయన ఒళ్లు సహకరించలేదు.

మళ్లీ వెళ్లలేకపోయాం. నాకు షాపులో శనివారాలు సెలవివ్వలేదు. ఆ అమ్మాయి అక్కడ ఎన్నాళ్లుందో, ఆమె తరవాత ఎవరొచ్చారో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఆ బడి పేరున రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.